అబ్బా ఫోనులోని ఆస్తి ఎవరిది? ముస్లిం వారసత్వం, డిజిటల్ సొత్తు: తరచూ అడిగే ప్రశ్నలు

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం చిలమకూరులో సిమెంటు ఫ్యాక్టరీ జీతం బ్యాంకు ఖాతాలో పడుతుంది. పీఎఫ్ యూఏఎన్ నంబరు కింద జమవుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పోయే ఓపిక లేనివాళ్లు వంద రూపాయల లెక్కన ఫోన్‌పేలోనే బంగారం కొంటున్నారు. కువైట్‌లో ఉన్న కొడుకు పంపే డబ్బు యాప్‌లోనే వచ్చి యాప్‌లోనే ఖర్చవుతోంది. ఇంటిపెద్ద పోయిన రోజున చేనుంటే గట్లు కనబడతాయి. నాపరాళ్ల గనిలో వాటా ఉంటే ఊరందరికీ తెలుసు. ఫోనులో ఏముందో మాత్రం ఫోను పట్టుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. డిజిటల్ ఆస్తి తగాదాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. వాటాల లెక్క పాతదే, ఎప్పుడో తేలిపోయిందే. ఏముందో అందరి ముందూ పెట్టడమే జరగడం లేదు. దాచిన సొత్తులో మొదట మాయమయ్యేది తల్లి వాటా, ఆ తర్వాత ఆడబిడ్డల వాటా.

మన ప్రాంతంలో ఎక్కువమంది సున్నీలు, హనఫీ పద్ధతివాళ్లు. కింది జవాబులు ఆ పద్ధతికి సంబంధించినవి. షియాలకు కొన్ని వాటాలు, కొన్ని నియమాలు వేరుగా ఉంటాయి.

షరియత్ నాటికి ఫోన్‌పే లేదు, బిట్‌కాయిన్ లేదు. వాటికి ఆ చట్టం ఎలా వర్తిస్తుంది?

ముందు మన దేశ చట్టం సంగతి. 1937 నాటి ముస్లిం పర్సనల్ లా (షరియత్) అప్లికేషన్ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన ముస్లిం ఆస్తి షరియత్ ప్రకారమే పంచాలి. దానికి విరుద్ధంగా ఏ వాడుక ఉన్నా చెల్లదు. ఆ చట్టం మొదట వ్యవసాయ భూమిని వదిలేసింది. కడప జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి 1949 నాటి మద్రాసు సవరణ మనకు వర్తిస్తుంది, ఆ సవరణతో పొలం కూడా షరియత్ కిందికి వచ్చింది. కాబట్టి చేనుకు ఒక లెక్క, ఫోనుకు ఒక లెక్క అనేది మన దగ్గర లేదు. తెలుగు పేర్లు పెట్టుకునే దూదేకుల కుటుంబాలకూ ఇదే చట్టం. "మాలో మగపిల్లలే పంచుకుంటారు, అది మా ఆనవాయితీ" అన్న మాట కోర్టులో నిలవదు.

ఇక ధర్మశాస్త్రం సంగతి. పాత హనఫీ గ్రంథాల్లో ఆస్తి అంటే చేత్తో పట్టుకుని దాచుకోగల వస్తువు. ఒట్టి హక్కును ఆస్తిగా లెక్కపెట్టాలా అని అప్పట్లో చర్చ ఉండేది. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ వ్యాపార నామం, ట్రేడ్‌మార్కు, రచన, ఆవిష్కరణల మీద హక్కులకు ఈ కాలపు వాడుకలో ధనవిలువ ఉందని, షరియత్ వాటిని కాపాడుతుందని తీర్మానించింది. జనం విలువ కట్టి కొనేదీ అమ్మేదీ, వాడుకోవడం ధర్మసమ్మతమైనదీ ఆస్తే. బ్యాంకు నిల్వ, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, డిజిటల్ బంగారం, వాలెట్‌లో మిగిలిన రూపాయలు, రావలసిన యూట్యూబ్ డబ్బులు అన్నీ తర్కాలో, అంటే మృతుడు వదిలిన ఆస్తిలో భాగమే.

ఎవరికెంత? ఒక ఉదాహరణతో చెప్పండి.

పంపకానికి ముందు మూడు పనులున్నాయి. మొదట ఖననం ఖర్చు, తర్వాత అప్పులు, ఆ తర్వాత వసియ్యత్ (వీలునామా) ఉంటే మిగిలినదాంట్లో మూడో వంతు మించకుండా అది. అప్పుల్లో భార్యకు ఇవ్వకుండా మిగిలిన మెహర్ కూడా ఒకటి. దాన్ని వాటా కింద కలిపేసి "నీకిచ్చాం కదా" అనడం మన దగ్గర మామూలైపోయింది. అది తప్పు. మెహర్ అప్పు, అది తీర్చాకే వాటా వస్తుంది. రెండూ ఆమెవే.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన భార్యను, తల్లిని, ఒక కొడుకును, ఇద్దరు కూతుళ్లను వదిలి పోయాడు. బ్యాంకులో 5,30,000, మ్యూచువల్ ఫండ్లలో 2,90,000, డిజిటల్ బంగారం 1,80,000, క్రిప్టో 70,000, యూట్యూబ్ నుంచి రావలసింది 40,000. మొత్తం 11,10,000 రూపాయలు. ఖననానికి 25,000, చేబదులు 75,000, మిగిలిన మెహర్ 50,000 తీసేస్తే 9,60,000 మిగిలింది.

పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1,20,000. తల్లికి ఆరో వంతు, 1,60,000. మిగిలిన 6,80,000లో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. కొడుకుకు 3,40,000, ఒక్కో కూతురికి 1,70,000. తొంభై ఆరు భాగాలు చేస్తే వరసగా 12, 16, 34, 17, 17. ముఫ్తీ సాబ్ కాగితం మీద రాసిచ్చేది ఇదే. ఈ వాటాల మూలం ఖురాన్ నిసా సూరాలోని 11, 12, 176 ఆయతుల్లో ఉంది.

పిల్లలు లేకపోతే భార్యకు నాలుగో వంతు. భార్య ముందుగా పోతే భర్తకు పిల్లలుంటే నాలుగో వంతు, లేకపోతే సగం. కొడుకు లేకుండా ఒక్కతే కూతురైతే సగం, ఇద్దరు లేదా అంతకు మించితే వాళ్లందరికీ కలిపి మూడింట రెండు వంతులు.

ఈ వాటాలు ఒక్కో వస్తువులోనూ ఉంటాయి. మ్యూచువల్ ఫండు కొడుకుదని, బంగారం కూతుళ్లదని మీరు అనుకోవడం కుదరదు. అందరూ ఒప్పుకుని విలువ కట్టి మార్చుకుంటే అది వేరే సంగతి. మనిషి పోయిన క్షణంలోనే ఎవరి వాటా వాళ్లకు దఖలు పడుతుంది. తర్వాత క్రిప్టో ధర పడినా పెరిగినా లాభనష్టాలు అందరివీ.

బ్యాంకులో, యాప్‌లో నామినీ మా చిన్నాన్న. డబ్బు ఆయనదేనా?

కాదు. ఈ ఒక్క జవాబు ఇంటింటికీ తెలిస్తే సగం తగాదాలు ఆగిపోతాయి.

బ్యాంకు డబ్బు ఎవరి చేతికివ్వాలో తెలియడానికే నామినీ. తీసుకున్నవాడు వారసులకు లెక్కచెప్పి పంచాలి. 1983లో సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు బీమా సొమ్ము విషయంలో ఇదే చెప్పింది. 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో బ్యాంకు డిపాజిట్ల గురించి, 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో షేర్ల గురించి అదే మాట చెప్పింది. షరియత్ కూడా ఇంతే. నామినీ సంతకం హిబా (బతికుండగా ఇచ్చే దానం) అనిపించుకోదు, వసియ్యత్ అనిపించుకోదు.

బీమాలో ఒక మెలిక ఉంది. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రుల్నో, భార్యనో, పిల్లల్నో నామినీగా రాస్తే ఆ సొమ్ము వాళ్లదేనని చట్టం అంటుంది. ఆ మాట మతపరమైన వారసత్వాన్ని పక్కకు తోస్తుందా అన్నదాని మీద కోర్టుల్లో ఏకాభిప్రాయం లేదు. పెద్ద మొత్తం పాలసీ అయితే క్లెయిము డబ్బు ఖర్చుపెట్టకముందే వకీలును కలవండి.

2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయవచ్చు. ఆ శాతాలను షరియత్ వాటాలకు దగ్గరగా రాసుకుంటే తర్వాత తిప్పలు తగ్గుతాయి. రాయకపోయినా వాటాలు మారవు.

ఫోను పెద్దన్న దగ్గరుంది. పిన్ తెలుసు. "ఖర్చులకని" రోజూ తీస్తున్నాడు.

మనిషి పోయాక ఆయన యూపీఐ పిన్ కొట్టడానికి ఎవరికీ హక్కు లేదు, పెద్ద కొడుక్కైనా అంతే. ఖాతాదారు మరణించాడని బ్యాంకుకు తెలిసిన వెంటనే ఖాతా ఆగిపోతుంది. ఈలోపు తీసిన ప్రతి రూపాయికీ స్టేట్‌మెంటులో తేదీ, సమయం, ఎవరికి పోయిందన్నదీ ఉంటుంది. తల్లి గానీ చెల్లెళ్లు గానీ ఆ స్టేట్‌మెంటు పట్టుకుని కోర్టుకు పోతే అన్న తన వాటాలోంచి కట్టాల్సి వస్తుంది.

ఖననానికి, ఆసుపత్రి బాకీకి తీసి ఉంటే రసీదులు పెట్టుకోమనండి. అవి ఎలాగూ తర్కాలోంచి పోయేవే. గొడవపడే ముందు మరణ ధ్రువపత్రం నకలు, ఒక అర్జీ బ్రాంచిలో ఇచ్చి చేతికి రసీదు తీసుకోండి. ఇంట్లో నాలుగు మాటలు అనుకోవడం కన్నా అది తేలిక.

నామినీ లేరు. ఏ కాగితాలు కావాలి? కోర్టుకు పోవాలా?

చాలామందికి అక్కర్లేదు. మృతి చెందిన ఖాతాదారుల క్లెయిముల మీద రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలిచ్చి, 2026 మార్చి 31 కల్లా అమలు చేయాలని చెప్పింది. వాటి ప్రకారం నామినీ లేకున్నా 15 లక్షల దాకా బ్యాంకు కోర్టు కాగితం అడగకుండా ఇవ్వాలి. సహకార బ్యాంకుల్లో ఈ హద్దు 5 లక్షలు. మరణ ధ్రువపత్రం, క్లెయిము ఫారం, గుర్తింపు కార్డులు, ఇండెమ్నిటీ బాండు, క్లెయిము చేయని వారసుల నుంచి అభ్యంతరం లేదన్న లేఖ ఇవ్వాలి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి. ఆలస్యమైతే బ్యాంకే వడ్డీ కట్టాలి.

అభ్యంతరం లేదన్న ఆ లేఖ దగ్గర ఒక్క క్షణం ఆగండి. "సంతకం పెట్టమ్మా, ఊరికే ఫార్మాలిటీ" అని చెల్లెలి ముందు పెట్టే కాగితం అదే. డబ్బు అన్న ఖాతాకు పోవడానికి ఆమె ఒప్పుకుంటోంది, అంతవరకే. వాటా వదులుకున్నట్టు అందులో ఎక్కడన్నా రాసి ఉందేమో చదివి సంతకం పెట్టండి.

హద్దు దాటితేనో, వారసుల మధ్య తగాదా ఉంటేనో, కంపెనీ ఒప్పుకోకపోతేనో 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 372వ సెక్షన్ కింద సక్సెషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఈ చట్టం ముస్లింలకు కాదని కొందరు వాదిస్తారు. వాటాల విషయంలో అది నిజమే. అప్పులు, సెక్యూరిటీలు వసూలు చేసుకునే ఈ సర్టిఫికెట్ మాత్రం అందరికీ. ఎవరికెంతన్నది కోర్టు షరియత్ ప్రకారమే చూస్తుంది. ముస్లిం వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి కాదు. సచివాలయంలోనో మీసేవలోనో తీసుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఎవరెవరున్నారో చెబుతుంది, ఎవరికెంతో చెప్పదు. అందులో తల్లి పేరు ఉందో లేదో చూసుకోండి. భార్యాపిల్లల పేర్లు రాయించి తల్లిని మరిచిపోవడం తరచూ జరుగుతుంది. ఆమెది ఆరో వంతు.

ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో తెలియకపోతే రిజర్వు బ్యాంకు 2023లో పెట్టిన ఉద్గమ్ పోర్టల్లో పేరు కొట్టి చూడండి. పదేళ్లు ముట్టుకోని డిపాజిట్లు అందులో కనబడతాయి.

పీఎఫ్, పింఛను కూడా పంచాలా?

సిమెంటు ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లలో ఈ ప్రశ్న బ్యాంకు ప్రశ్న కన్నా పెద్దది. రెంటినీ విడదీసి చూడాలి.

పీఎఫ్ ఆయన జీతంలో కోసింది, దానికి జతగా యజమాని కట్టింది. ఆయన బతికుండగానే అది ఆయన హక్కు. షరియత్ లెక్కలో అది తర్కాయే, అందరికీ వాటా ఉంటుంది. పీఎఫ్ చట్టంలో మాత్రం సొమ్ము నామినీకి దఖలు పడుతుందన్న మాట ఉంది, దాని అర్థం మీద హైకోర్టులు ఒక్క తీరుగా తీర్పులు ఇవ్వలేదు. కాబట్టి ఆఫీసు నామినీకే ఇస్తుంది. దాన్ని పంచడం ఆ నామినీ దీను మీద, మీ పెద్దల మాట మీద ఆధారపడి ఉంటుంది.

భార్యకు నెలనెలా వచ్చే పింఛను సంగతి వేరు. అది ఆయన బతికుండగా ఆయన చేతిలో ఉన్న ఆస్తి కాదు. మరణం తర్వాత చట్టం ఎవరికివ్వమందో వాళ్లది. అది తర్కాలోకి రాదని ముఫ్తీలు ఎక్కువమంది చెబుతారు. విధవ పింఛనులో అత్త, మరుదులు వాటా అడగడం షరియత్‌లో లేదు, చట్టంలోనూ లేదు.

పెళ్లి కాని కుర్రాళ్లకు ఒక మాట. పీఎఫ్ స్కీము ప్రకారం పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. నిఖా అయ్యాక ఈ-నామినేషన్ మళ్లీ చేయాలి. 2024 డిసెంబరులో చిలమకూరు ఫ్యాక్టరీ నడిపే ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. యజమాని మారినా యూఏఎన్ మారదు, కొత్త నంబరు ఇస్తారని ఎదురుచూడకండి.

క్రిప్టో హరామ్ అంటున్నారు కదా. హరామైతే వారసత్వం ఎలా వస్తుంది?

ఆలిమ్‌లు ఈ విషయంలో ఒక్క మాట మీద లేరు. ఈజిప్టు అప్పటి గ్రాండ్ ముఫ్తీ షౌకీ అల్లామ్ 2018లో బిట్‌కాయిన్ వ్యాపారం కూడదన్నారు. ఇండోనేసియా ఉలమా కౌన్సిల్ 2021లో క్రిప్టోను కరెన్సీగా వాడటం హరామంది. దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ ఫత్వాలు కూడా వద్దనే చెప్పాయి. విలువ ఉంది, జనం వాడుతున్నారు కాబట్టి షరతులతో సరేననే పండితులూ ఉన్నారు.

మీ ముందున్న ప్రశ్న మాత్రం అది కాదు. అబ్బా కొన్నది సరా తప్పా అన్నది ఆయనకూ అల్లాకూ మధ్య ఉంది. పై ఉదాహరణలోని క్రిప్టో ఇప్పుడు అమ్మితే 70,000 వస్తుంది. హలాల్ జీతంతోనే కొన్నాడు. "హరామ్ కదా" అంటూ ఒకరు ఆ ఫోనును జేబులో వేసుకుంటే మిగిలిన నలుగురి హక్కు పోతుంది. నా మాట: అమ్మేసి రూపాయలు చేసి తర్కాలో కలపండి. పెట్టిన మొత్తానికి మించి వచ్చిన లాభం సంగతి మీరు నమ్మే ముఫ్తీని అడగండి.

ఇక కోర్టులు. మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ 2025 అక్టోబరులో క్రిప్టో ఒక ఆస్తి అని, దాన్ని సొంతం చేసుకోవచ్చని, ఒకరి కోసం ఇంకొకరు ట్రస్టుగా పెట్టుకోవచ్చని అన్నారు. వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీలో 3,532 ఎక్స్‌ఆర్‌పీ నాణేలున్న ఒక మహిళ వేసిన కేసు అది. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడి ఉండాలని లేదు, కానీ వకీలు చేతిలో బలమైన కాగితం.

వారసత్వంగా రావడానికి పన్ను లేదు. అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, అమ్మేటప్పుడు ఒక శాతం టీడీఎస్ ఉన్నాయి. అసలు ఇబ్బంది తాళంచెవిదే. మన దేశ ఎక్స్ఛేంజీలో ఉంటే కాగితాలతో అడగవచ్చు. సొంత వాలెట్‌లో పెట్టుకుని ఆ 12 లేదా 24 పదాల వరస ఎవరికీ చెప్పకుండా పోతే ఏ కోర్టూ ఏ ముఫ్తీ తీయలేరు.

ఆన్‌లైన్ రమ్మీలో, క్రికెట్ బెట్టింగులో గెలిచిన డబ్బు ఖాతాలో ఉంది. లోన్ యాప్ అప్పులు కూడా ఉన్నాయి.

జూదంలో వచ్చింది తర్కాలో కలవదు. ఎవరిదో తెలిస్తే వాళ్లకు తిరిగివ్వాలి, తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయాలి. డిపాజిట్ వడ్డీకి కూడా ముఫ్తీలు చాలామంది ఇదే దారి చెబుతారు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, 2025లో కేంద్రమూ డబ్బు పెట్టి ఆడే ఆటలను ఆపింది. కాబట్టి యాప్‌లో చిక్కుకున్న గెలుపు డబ్బు కోసం తిరగడం వృథా.

లోన్ యాప్ వాళ్లు ఫోన్ చేసి కొడుకును బెదిరిస్తే భయపడకండి. ఆయన వదిలిన ఆస్తి మేరకే ఆయన అప్పులకు బాధ్యత, వారసుడు తన జేబులోంచి కట్టాలని చట్టం చెప్పదు, షరియత్ చెప్పదు. అసలు ఎంతుందో రాతపూర్వకంగా అడిగి, నిజమైన అప్పైతే తర్కాలోంచి ముందు తీర్చండి. తిట్లు, ఫొటోల బెదిరింపులు వస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

యూట్యూబ్ చానెల్, జీమెయిల్, ఫొటోలు?

చానెల్ ఖాతా కంపెనీ షరతుల ప్రకారం ఇచ్చిన అనుమతి, దాన్ని అమ్ముకోవడానికో పంచుకోవడానికో వీలుండదు. అందులో పెట్టిన వీడియోల మీద, పాటల మీద కాపీరైటు మాత్రం ఆయన ఆస్తే. రచన, సంగీతం మీద హక్కు ఆయన పోయాక 60 ఏళ్లు ఉంటుంది, వీడియోకు విడుదల నుంచి 60 ఏళ్లు. నఆత్‌లు, ఖవ్వాలీలు పాడి చానెల్ నడిపినవాళ్ల ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. వచ్చిన, రావలసిన ప్రకటనల డబ్బు అందరి వాటాల్లోకి వస్తుంది. ఖాతా మూసి డబ్బు అడగడానికి గూగుల్‌కు మరణ ధ్రువపత్రంతో విన్నపం పెట్టాలి.

ఫొటోలు, చాటింగులు పంచేవి కావు, అవి అమానత్, నమ్మి అప్పగించినవి. ఇంట్లో అందరికీ కావలసిన ఫొటోలకు నకళ్లు తీసుకోండి. మిగిలిన సంభాషణల్లో తలదూర్చకపోవడమే మర్యాద.

అబ్బా ఆసుపత్రి నుంచి వాట్సాప్‌లో వాయిస్ పంపాడు: "నా షేర్లన్నీ చిన్నోడికి." చెల్లుతుందా?

ముస్లిం వసియ్యత్ నోటిమాటతో కూడా చెల్లుతుంది, సాక్షుల సంతకాలు, స్టాంపు కాగితం తప్పనిసరి కాదు. కాబట్టి ఆ వాయిస్‌ను రుజువుగా కోర్టు ముందు పెట్టవచ్చు. అందుకు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, నోటి వసియ్యత్‌ను రుజువు చేయడం కష్టమైన పని కూడా.

ఇంత కష్టపడి రుజువు చేసినా ఈ కేసులో చిన్నోడికి ఉపయోగం లేదు. వారసుడికి వసియ్యత్ చెల్లాలంటే మిగతా వారసులంతా ఆయన పోయాక ఒప్పుకోవాలి. వారసుడు కానివాళ్లకు కూడా మూడో వంతు మించి ఇవ్వాలంటే ఆ ఒప్పుదల కావాలి. ఒకరు ఒప్పుకుని ఇంకొకరు కాదంటే ఒప్పుకున్నవాళ్ల వాటా మేరకే చెల్లుతుంది.

తండ్రి ముందే పోయిన మనవళ్ల విషయంలో మాత్రం వసియ్యత్ రాయాల్సిందే. తాత పోయేనాటికి ఇంకో కొడుకు బతికుంటే పోయిన కొడుకు పిల్లలకు ఏమీ రాదు. పాకిస్తాన్ 1961లో ఈ నియమాన్ని చట్టంతో మార్చింది, మన దేశంలో అది మారలేదు. తాత బతికుండగా మూడో వంతు లోపల ఆ పిల్లల పేర రాస్తే ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. తాతలెవరైనా చదువుతుంటే ఆలస్యం చేయకండి.

బతికుండగానే కూతురికి డిజిటల్ బంగారం ఇస్తే?

అది హిబా. ఇస్తున్నానని చెప్పాలి, ఆమె తీసుకోవాలి, స్వాధీనం ఆమె చేతికి రావాలి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు 2011లో ఈ మూడూ ఉంటే రిజిస్ట్రేషన్ లేకున్నా హిబా చెల్లుతుందని చెప్పింది. డిజిటల్ సొత్తులో స్వాధీనం అంటే ఆమె ఖాతాలోకి బదిలీ. "ఈ బంగారం నీదే" అని తన ఫోనులోనే ఉంచుకుంటే హిబా పూర్తికాదు, ఆయన పోయాక అది అందరిదీ అవుతుంది. 2025 నవంబరులో సెబీ డిజిటల్ బంగారం తన పర్యవేక్షణలో లేదని హెచ్చరించింది, అదీ గుర్తుపెట్టుకోండి. పిల్లలందరి మధ్యా సమానంగా ఇవ్వడం సున్నత్.

ఆపాలు "మాకొద్దు తమ్ముడూ" అన్నారు. సరిపోతుందా?

తండ్రి బతికుండగా అన్న మాటకు విలువ లేదు, ఇంకా రాని హక్కును ఎవరూ వదులుకోలేరు. ప్రతిఫలం తీసుకుని వదులుకుంటే మాత్రం తర్వాత అడ్డు వచ్చే సందర్భాలున్నాయి. తండ్రి పోయాక, ఎంతుందో తెలిశాక, తన ఇష్టంతో ఇస్తే ఇవ్వవచ్చు. ఎంతుందో చెప్పకుండా "వద్దు" అనిపించుకోవడం మోసమే. ముందు జాబితా చూపండి, వాటా ఆమె ఖాతాలో వేయండి. తర్వాత ఆమె ఇష్టం.

మైనరు పిల్లల వాటాను తల్లి కూడా తన ఇష్టానికి అమ్మలేదు. హనఫీ పద్ధతిలో పిల్లల ఆస్తికి తండ్రి, ఆయన నియమించినవాడు, తాత, తాత నియమించినవాడు సంరక్షకులు. వాళ్లు లేకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద తల్లి కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవాలి.

మనిషి కువైట్‌లో పోయాడు. ఫోను, ఖాతా అక్కడే ఉన్నాయి.

కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయినవాళ్లు లేని ఊరు తక్కువ. కంపెనీ బాకీలు, సర్వీసు ముగింపు సొమ్ము, పరిహారం భారత రాయబార కార్యాలయం ద్వారా రాబట్టవచ్చు. ఆ డబ్బు జిల్లా కలెక్టరు ద్వారా వారసులకు పంచే పద్ధతి ఉంది. వారసుల పవర్ ఆఫ్ అటార్నీ, వారసత్వ ధ్రువపత్రం అడుగుతారు. సామానుతో పాటు ఫోను, కువైట్ సిమ్ తప్పక తెప్పించుకోండి, అక్కడి యాప్‌లన్నీ ఆ నంబరుకే కట్టి ఉంటాయి.

బతికుండగా ఏం రాసిపెట్టాలి?

ఒక నోటుపుస్తకంలో ఒక్క పేజీ చాలు. ఏ బ్యాంకు, ఏ డీమ్యాట్, ఏ యాప్, యూఏఎన్ నంబరు, ఎవరికి అప్పు, ఎవరి నుంచి రావాలి, భార్యకు మిగిలిన మెహర్ ఎంత. పిన్నులు, పాస్‌వర్డులు అందులో వద్దు. క్రిప్టో పదాల వరస ఉంటే సీల్ వేసిన కవరులో పెట్టి, అది ఎక్కడుందో ఇద్దరికి చెప్పండి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడబిడ్డ కావాలి.

గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్‌లో 3 నుంచి 18 నెలల గడువు పెట్టి పదిమంది దాకా పేర్లు ఇవ్వవచ్చు. ఏమీ పెట్టకుండా రెండేళ్లు వాడకపోతే ఖాతా తీసేసే అవకాశం ఉంది. ఐఫోను ఉన్నవాళ్లు లెగసీ కాంటాక్టు పెట్టుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 14వ సెక్షన్ తన సమాచారం మీద హక్కులకు నామినీని పెట్టుకునే వీలిచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. ఆ నామినీ సమాచారానికే, సొత్తుకు కాదు.

అబ్బా పోయి వారమైంది. మొట్టమొదట ఏం చేయాలి?

ఫోను ఫార్మాట్ చేయొద్దు, ఎవరికీ ఇచ్చేయొద్దు. సిమ్‌ను రీచార్జి చేసి ఉంచండి. 90 రోజులు వాడకపోతే నంబరు ఆగిపోయి తర్వాత ఇంకొకరికి పోతుంది, ఓటీపీలన్నీ దానికే వస్తాయి. నంబరును వారసుల పేరుకు మార్చడానికి మరణ ధ్రువపత్రంతో కంపెనీని అడగండి. 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించి, పది నకళ్లు తీసిపెట్టుకోండి. బ్యాంకు మెసేజీలు, ఈమెయిళ్లు చూసి ఏయే కంపెనీల పేర్లు వచ్చాయో రాయండి. ఆ జాబితాను తల్లి, భార్య, కూతుళ్లు, కొడుకులు అందరూ కూర్చున్నచోట పైకి చదవండి. కింద అందరూ సంతకాలు పెట్టాక ముఫ్తీ సాబ్ దగ్గరకు, ఆ తర్వాత బ్యాంకుకు పోండి.